అప్‌డేట్: ఓటీపీ రాకుండానే నాన్న పింఛను ఖాతాలో డబ్బు పోయింది (పర్లాకిమిడి) – కారణం దొరికింది

ఓటీపీ గానీ, ఫోన్ గానీ రాకుండా డబ్బెలా పోయిందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. వేలిముద్ర సంగతి చూడమన్నవారి మాటే నిజమైంది.

పాస్‌బుక్ ఎంట్రీ వేయిస్తే ఆ లావాదేవీ పక్కన ‘ఏఈపీఎస్’ అని ఉంది, అంటే ఆధార్‌తో ఖాతాలో డబ్బు తీసే పద్ధతి. దీనికి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ అడగదు. పింఛను కేవైసీ అంటూ ఇంటికొచ్చినవాడు "పడలేదు తాతా, మళ్లీ పెట్టు" అని రెండోసారి వేలు వేయించుకున్నాడు. మై ఆధార్‌ (ఆధార్ వాళ్ల వెబ్‌సైట్)లో ఆథెంటికేషన్ హిస్టరీ, అంటే ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో చూపే జాబితా తీస్తే ఆ రోజు రెండు ఎంట్రీలున్నాయి. అంటే రెండో వేలితో డబ్బు తీశాడన్నమాట. డబ్బు తీసినట్టు మెసేజ్ రాకపోవడానికి కారణం వేరే: ఖాతాకి పాత నంబరే ఉంది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకులో కాగితం ఇచ్చి రసీదు తీసుకున్నాం. బయటివాళ్ల మోసమైతే, బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాల్లో చెబితే ఖాతాదారుపై భారం ఉండదని ఆర్‌బీఐ 2017 సర్క్యులర్. డబ్బు తిరిగి పడింది.

ఏటీఎం కార్డు మార్చడం, ఫోన్ రీసెట్ చేయడం దీనికి సంబంధం లేనివే. మై ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ (ఆధార్‌కి వేలిముద్ర పనిచేయకుండా ఆపేది) పెట్టాం. ఆధార్‌కి మొబైల్ లింకై ఉండాలి. చిక్కల్లా ఒకటే, లాక్ ఉంటే రేషన్ షాపు మిషన్ కూడా వేలు తీసుకోదు, నవంబరులో జీవన్ ప్రమాణ్ (పింఛనుదారు బతికే ఉన్నారని ఇచ్చే డిజిటల్ సర్టిఫికెట్) కూడా అంతే. ఆ కాసేపు తాత్కాలికంగా అన్‌లాక్ చేసుకోవాలి.