అప్‌డేట్: అద్దం తలుపును గుద్దే రోబో సంగతి

పోయిన నెల అడిగాను కదా, హైదరాబాద్‌లో మా యూనివర్సిటీ ల్యాబ్ రోబో కారిడార్ చివరి అద్దం తలుపునే ఎందుకు గుద్దుతోందని. మీరన్నదే నిజం. లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సార్) కాంతి చాలావరకు అద్దంలోంచి దూసుకుపోతుంది, రోబోకు అక్కడ ఖాళీ దారే కనిపిస్తుంది.

మా గైడ్ గారు మొదటిరోజే, లైడార్ ఎత్తులో తలుపుకు పాత పేపర్ అంటించమన్నారు. మాకేమో నామోషీ! చివరికి అంటిస్తే వెంటనే ఆగింది. మర్నాడు ఊడ్చే ఆయమ్మ చెత్తనుకుని పీకేసింది, రోబో మళ్లీ ధన్‌మని గుద్దింది.

ఇప్పుడు ముందువైపు రెండు అల్ట్రాసోనిక్ సెన్సార్లు పెట్టాం. శబ్ద తరంగాలకు అద్దమైనా గోడే. రోబోకు దారి చూపే నావ్2 సాఫ్ట్‌వేర్ మ్యాప్‌లో కీపౌట్ జోన్ (రోబో వెళ్లకూడని చోటు) కూడా గీశాం.

మిగిలిన టెన్షన్ తడి నేల. తుడవగానే నడిపితే చక్రాలు జారి, అవి ఎంత తిరిగాయో కొలిచే ఎన్‌కోడర్ లెక్క తప్పుతోంది. రోబో కదలికను, మలుపులను పసిగట్టే ఐఎంయూ సెన్సార్ కలిపి చూస్తున్నాం.