మోసిన్ నాగాంట్ రైఫిల్ బ్యారెల్‌లో తుప్పు: వేడినీళ్లతో కడిగాక ఇంకేం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది హ్యూస్టన్. పోయిన శనివారం నా మోసిన్ నాగాంట్ 91/30తో పాత సోవియట్ సర్‌ప్లస్ (సైన్యం దగ్గర మిగిలిపోయిన) తూటాలు ఓ నలభై కాల్చాను. ఇంటికొచ్చి మామూలు సాల్వెంట్‌తో తుడిచి, నూనె రాసి పెట్టేశాను. మూడో రోజు తీసి చూస్తే బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే భాగం) ముఖం మీద ఇటుకపొడి చల్లినట్టు ఎర్రటి మరక! బ్యారెల్‌లోంచి లాగిన గుడ్డ ముక్క కూడా ఎర్రగానే వచ్చింది. ప్రాణం ఉసూరుమంది.

ఈ పాత తూటాల ప్రైమర్‌లోని (మందును అంటించే భాగం) పొటాషియం క్లోరేట్ కాలాక పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పుగా మిగిలి, గాలిలో తేమను లాగుతుందట. ఆ ఉప్పు నీళ్లలో కరుగుతుంది కానీ నూనెలో కరగదు. మా ఊరి ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు కదా! అందుకే నిన్న ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) వైపు నుంచి గరాటుతో మరిగే నీళ్లు పోసి, బాగా ఆరబెట్టి, మళ్లీ నూనె పట్టించాను.

నీళ్లు బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య దిగి ఉంటాయేమోనని టెన్షన్‌గా ఉంది. చెక్క మొత్తం విప్పి చూడాలా? బోల్ట్ లోపలి ఫైరింగ్ పిన్‌నీ ప్రతిసారీ కడగాలా? లోపల గుంతలు పడ్డాయో లేదో ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలి? ఇలాంటి తూటాలు వాడే అలవాటున్నవాళ్లు దయచేసి చెప్పండి.