అకాంథోస్టెగా ఎనిమిది వేళ్ళు ఆరగానే ఊడిపోతున్నాయి

బెంగళూరులో ఉంటాం. మా అమ్మాయి సైన్స్ ఎగ్జిబిషన్‌కి అకాంథోస్టెగా ముందుకాలు మట్టితో చేస్తున్నాం. సుమారు 36.5 కోట్ల ఏళ్ళ నాటి జంతువు, నాలుగు కాళ్ళున్న తొలి జంతువుల్లో ఒకటి. 1987లో శిలాజ శాస్త్రవేత్త జెన్నిఫర్ క్లాక్ బృందం గ్రీన్‌లాండ్ నుంచి తెచ్చిన శిలాజాల్లో ముందుకాలికి ఎనిమిది వేళ్ళు కనిపించాయి. ఐదుతో సరిపెడదామంటే అమ్మాయి ఒప్పుకోదు, అసలు సంగతే అదట!

పాటరీ టౌన్‌లో కొన్న బంకమట్టి. కాలు 25 సెం.మీ. పొడవు, వేళ్ళు 8 మి.మీ. మందం. నీడలో ఉంచినా రెండో రోజుకి వేళ్ళ మొదట్లో వెంట్రుకంత బీట, మూడో రోజు ముట్టుకుంటే ఊడి చేతికొస్తోంది. తడిగుడ్డ కప్పి మెల్లగా ఆరబెట్టాం, అంతే. ఇనప తీగ పెట్టినవైతే ఇంకా ముందే పగిలాయి. బట్టీ లేదు, వారమే టైముంది.

కాల్చకుండా ఈ వేళ్ళు నిలవాలంటే మట్టిలో ఏం కలపాలి?