అక్టోబరు ఆఖర్లో ఇంగ్లండ్: మోకాళ్ళ నొప్పులున్న అమ్మతో ఎక్కగలిగే కొండ ఏది?

హెబ్బాళ్_మేడమీద:
అందరికీ నమస్కారం. అక్టోబరు చివరి వారంలో అమ్మని తీసుకుని లండన్ దగ్గర రెడింగ్‌లో ఉన్న అక్కావాళ్ళింటికి వెళ్తున్నాను, పది రోజులు. లండన్‌లో చూడాల్సినవన్నీ బావ ముందే లిస్టు రాసి పెట్టేశాడు, ఆ గొడవలో నేను వేలు పెట్టను. నాకు కావాల్సింది ఒక్కటే, ఏదో ఒక పచ్చటి కొండ ఎక్కి, పైన కూర్చుని, ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగి దిగిరావడం. ఆఫీసులో ఒకాయన మామ్ టార్ వెళ్ళమంటాడు, ఇంకొకావిడ బాక్స్ హిల్ చాలంటుంది.

ఎత్తులు చూస్తే మాత్రం నవ్వొచ్చింది. ఇంగ్లండ్ మొత్తానికి ఎత్తైన శిఖరం స్కాఫెల్ పైక్ 978 మీటర్లట. మన బెంగళూరే 900 మీటర్ల పైన ఉంది కదా, అంటే నేను రోజూ పాలప్యాకెట్టు కోసం చెప్పులేసుకుని తిరిగేది దాదాపు వాళ్ళ శిఖరం ఎత్తులోనే. మామ్ టార్ 517, బాక్స్ హిల్ 224. నంది హిల్స్ 1478 మీటర్లు, అమ్మ అదే ఎక్కేసింది (కార్లో లెండి, పైన కాస్త నడిచింది). మరి వీటికి బూట్లూ జాకెట్లూ అంత హడావుడి అవసరమా? అమ్మకి 62, ఎక్కడం ఫర్వాలేదు, దిగేటప్పుడే మోకాళ్ళు పట్టేస్తాయి. చీర తప్ప వేరేది కట్టదు.

రెండోకప్పు_కాఫీ:
గురూ, ఆ లెక్కతో వెళ్తే ఇరుక్కుంటావు. సముద్రమట్టం నుంచి ఎంతెత్తు అన్నది కాదు, నువ్వు మొదలుపెట్టిన చోటు నుంచి ఎంత ఎక్కాలి అన్నది చూడాలి. పైగా అక్కడ కొండ అంటే చాలాచోట్ల గడ్డి తప్ప చెట్టుండదు, పైకెళ్ళేసరికి గాలి మనిషిని పక్కకి తోసేస్తుంది, కింద ఎండగా ఉన్నా పైన మబ్బులో పది అడుగులు కనపడవు. బెంగళూరు దగ్గర సావన్‌దుర్గ కొండ ఎక్కినవాడిని, ఇదెంత అనుకుని ఆఫీసు షూస్‌తో వెళ్ళాను నేను.

అసలు విషయం చెప్తాను విను, నీ తేదీలు చూశాకే ఈ జవాబు రాస్తున్నా. అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున వాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. నేను షెఫీల్డ్‌లో ఆన్‌సైట్ ఉన్నప్పుడు సరిగ్గా ఆ ఆదివారమే ముగ్గురం మామ్ టార్ కింద ఉన్న ఈడేల్ అనే ఊరు వెళ్ళాం, రైలెక్కితే అరగంట పైన కొంచెం. లేటుగా లేచి, పులిహోర కలుపుకుని, మధ్యాహ్నం పన్నెండున్నరకి నడక మొదలుపెట్టాం. మామ్ టార్ ఎక్కి, అక్కడి నుంచి లూజ్ హిల్ దాకా కొండ వీపు మీదే నడిచే దారి ఒకటుంది, ఒకవైపు ఈడేల్ లోయ, రెండోవైపు హోప్ లోయ, రెండూ ఒకేసారి కనిపిస్తాయి, అబద్ధమెందుకు, అంత బాగున్న నడక నేను ఇంకెక్కడా నడవలేదు. బ్యాక్ టార్ దగ్గర పులిహోర తిని, ఫోటోలు దిగి, ఇంకా బోలెడు టైముందిలే అని కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాం. ముందురోజు అయిదున్నరకి కూడా వెలుతురుంది కదా! ఫోన్‌లో గంట దానంతటదే మారింది, మా బుర్రలోనే మారలేదు. నాలుగున్నర దాటేసరికి పొద్దు వాలిపోయింది, మబ్బు కూడా దిగింది, ముగ్గురికీ కలిపి ఒక ఫోన్‌లో పద్దెనిమిది శాతం ఛార్జింగ్. జనం తొక్కిడికి మట్టి కోసుకుపోతుందని ఆ దారిలో చాలామేర రాతిపలకలు పరిచారు, వాటిని కాళ్ళతో తడుముకుంటూ హాలిన్స్ క్రాస్ దాకా వచ్చి కిందకి దిగాం. స్టేషన్‌లో కూర్చున్నాక కూడా ఎవరూ మాట్లాడలేదు.

కాబట్టి మామ్ టార్ వెళ్ళు, కానీ పొద్దున్నే వెళ్ళు, టార్చి పెట్టుకో. లూజ్ హిల్ దాకా అమ్మతో వద్దు. మామ్ నిక్ దగ్గర కారు ఆపుకుంటే శిఖరానికి ఇరవై నిమిషాలే, రాతిమెట్లున్నాయి. వీలైతే దిగాక కింద పాత రోడ్డు చూపించు. ఆ కొండ ఒకవైపు ఎప్పటినుంచో జారుతూనే ఉంది, దాని మీద వేసిన పెద్ద రోడ్డుని ఎన్నిసార్లు బాగుచేసినా విరిగి, విరిగి, చివరికి 1979లో మూసేశారు. ఇప్పుడు తారు పొరలు పొరలుగా చీలిపోయి కనిపిస్తుంది, మన రింగ్ రోడ్డు వర్షాకాలంలో ఉన్నట్టే, కాకపోతే అక్కడ టూరిస్టులు వచ్చి చూస్తారు.

వేళచ్చేరి_పిన్ని:
ఆ కాఫీ అబ్బాయి చెప్పిన గడియారం సంగతి నిజమే, కానీ మోకాళ్ళ నొప్పులున్నావిడని రాతిమెట్లెక్కించమంటాడేంటి? ఆవిడకి దిగడమే కష్టం అని రాశారుగా. తడిసిన మెట్లు దిగడం ఎంత బాధో నాకు తెలుసు, నావీ అవే మోకాళ్ళు. పైగా రెడింగ్ నుంచి ఆ మామ్ టార్ ఉన్న డెర్బీషైర్ ఎంత దూరం!

మా అమ్మాయి గిల్డ్‌ఫర్డ్‌లో ఉండగా రెండుసార్లు ఇంగ్లండ్ వెళ్ళాను, బాక్స్ హిల్ నాలుగైదుసార్లు చూశాను. కారుంటే పైదాకా వెళ్ళిపోవచ్చు, మలుపులు మలుపులుగా పోయే రోడ్డు, 2012 ఒలింపిక్స్ సైకిల్ పందెం దాని మీదే జరిగింది. పైన దిగి కొద్ది నిమిషాలు నడిస్తే రాతితో కట్టిన అరుగులాంటిది వస్తుంది, అక్కడి నుంచి డోర్కింగ్ ఊరు, దాని వెనక చెట్లూ పొలాలూ పొలాలూ చెట్లూ. అక్టోబరు ఆఖర్లో బీచ్ చెట్లు రాగిరంగులోకి తిరిగి ఉంటాయి, ఎత్తు 224 అయినా 24 అయినా ఏం చేసుకుంటారు? టీ కావాలంటే అక్కడే దొరుకుతుంది, మనకి ఆ టీ ఆనదు, ఫ్లాస్కు పట్టుకెళ్ళండి. కారు లేకపోతే రెడింగ్ నుంచి డోర్కింగ్ డీప్‌డీన్ స్టేషన్‌కి నేరుగా రైలుంది, కానీ అప్పుడు కింద నుంచి ఎక్కాలి, నిలువు మెట్లు, సుద్దనేల, వాన పడితే సబ్బు మీద నడిచినట్టే. కింద మోల్ నది దాటడానికి వరసగా రాళ్ళు పరిచి ఉంటాయి, ఫోటోలో ముచ్చటగా ఉంటాయి, చీరతో వద్దమ్మా. పక్కన వంతెన ఉంది.

చీర అంటే గుర్తొచ్చింది. అక్కడ నడకదారులు చాలావరకు ఎవరిదో పొలంలోంచి, గొర్రెల మధ్యలోంచి పోతాయి. మొదటిసారి నేను భయపడి ఆగిపోయాను, ఎవరైనా అరుస్తారేమోనని. పసుపు బాణం గుర్తు ఉంటే కాలినడకన ఎవరైనా వెళ్ళొచ్చట, అది హక్కు, పొలం ఆసామి కాదనడానికి లేదు. గేటు తీస్తే మళ్ళీ వేయాలి, అంతే. కొన్నిచోట్ల గేటు బదులు కంచెకి అడ్డంగా చెక్క మెట్లుంటాయి, కాలెత్తి అటు వేసి దిగాలి. కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నేను అది దాటుతుంటే అవతల ఒక పెద్దాయన టోపీ తీసి పక్కకి తిరిగి నిలబడ్డాడు, పాపం. సల్వార్ కుట్టించండి అమ్మకి, కొండ కోసమే అని చెప్పండి.

జయనగర్_జాగర్:
అంత డబ్బు పెట్టి వెళ్ళి 224 మీటర్లా 😀 వెళ్తే స్కాఫెల్ పైక్ వెళ్ళు బ్రో, లేదంటే కెంపాంబుధి చెరువు గట్టెక్కి టీ తాగు.

రెండోకప్పు_కాఫీ:
జాగర్ గారూ, అక్టోబరు ఆఖర్లో, అమ్మతో, స్కాఫెల్ పైకా? పైన గడ్డి కూడా లేదు, అన్నీ బండరాళ్ళు, దారి తప్పితే 999కి ఫోన్ చేసి మౌంటెన్ రెస్క్యూ వాళ్ళని పిలవాలి, వాళ్ళు జీతాలు తీసుకోని వాలంటీర్లు, ఇంట్లో భోజనం దగ్గర్నుంచి లేచి వస్తారు. మీకోసం రావాలా?

పిన్నిగారూ, మెట్ల విషయంలో తప్పు నాదే. అయితే మీరు హక్కు అన్నారు కాబట్టి ఒక్కమాట. మామ్ టార్ మీద నిలబడితే ఎదురుగా కనిపించేది కిండర్ స్కౌట్ అనే పెద్ద కొండ. ఒకప్పుడు భూస్వాములు దాన్ని వేటకోసం అట్టేపెట్టుకుని నడిచేవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది, ఎక్కువగా మాంచెస్టర్ వైపు కుర్రకారు, కావాలనే గుంపుగా ఎక్కారు, అయిదుగురికి జైలు శిక్ష పడింది. 1951లో ఆ ప్రాంతమే బ్రిటన్‌లో మొదటి నేషనల్ పార్క్ అయింది. నంది హిల్స్ దగ్గరి స్కందగిరి కొండ ఎక్కడానికి ఆన్‌లైన్‌లో స్లాట్ దొరక్క తిట్టుకుంటున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

కారు లేకపోతే నా రెండో సలహా మాల్వర్న్. రెడింగ్ నుంచి గ్రేట్ మాల్వర్న్‌కి నేరుగా వెళ్ళే రైళ్ళున్నాయి. ఊరే కొండ వాలు మీద ఉంటుంది, పైన వూస్టర్‌షైర్ బీకన్ 425 మీటర్లు, దారి వెడల్పు, మెట్లు తప్పించుకునే వీలుంది. పడమటివైపు వేల్స్ కొండలు, తూర్పువైపు సెవర్న్ నది మైదానం నేలంతా చదును. అమ్మ సగంలో ఆగిపోతానన్నా సెయింట్ ఆన్స్ వెల్ అని ఊటబావి ఉంది, అక్కడ కూర్చోవచ్చు.

హెబ్బాళ్_మేడమీద:
అందరికీ థ్యాంక్స్, జాగర్ అన్నకి కూడా. బావకి కారుంది, శనివారం బాక్స్ హిల్ ఖాయం, గడియారం మారే ఆదివారం ఇంట్లోనే ఉంటాం. మాల్వర్న్ వాన లేని రోజు చూసుకుని. సల్వార్ మాటెత్తితే అమ్మ ఒకటే అడిగింది, "ఆ కొండ మీద ఏ దేవుడున్నాడురా?" ఏం చెప్పాలి?

వేళచ్చేరి_పిన్ని:
దేవుడు లేడు, చాలా కొండల మీద నడుం ఎత్తు సిమెంటు స్తంభం ఉంటుంది. దేశాన్ని త్రిభుజాలుగా కొలవడానికి 1936 నుంచి పాతుకుంటూ వచ్చారు, ఇప్పుడు శాటిలైట్లొచ్చాక పనిలేదు, నడిచేవాళ్ళు ముట్టుకుని ఫోటో దిగుతారు. ఆ కొలిచే పని మన దగ్గర 1802 ఏప్రిల్ 10న మా చెన్నైలోని పరంగిమలై కొండ దగ్గరే మొదలైంది, లాంబ్టన్ అనే దొర గొలుసులు పరిచి కొలిపించాడు. నేను ఆ స్తంభానికి బొట్టు పెట్టబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపేసింది. మీ అమ్మకి ముందే చెప్పి ఉంచండి.