ప్లిమత్‌కి కొత్తగా వచ్చాం, కమ్యూనిటీ ఎడ్యుకేషన్ గురించి చెప్పగలరా?

ప్లిమత్ కొత్త:
అందరికీ నమస్కారం. ఈమధ్యే విజయవాడ నుంచి మినెసోటా వచ్చాం. పాపకి మూడేళ్లు. ఆయన ఆఫీసుకి వెళ్తే ఇంట్లో మేమిద్దరమే. స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) వాళ్ల కమ్యూనిటీ ఎడ్యుకేషన్, అంటే చుట్టుపక్కల వాళ్ల కోసం పెట్టే క్లాసుల పుస్తకం పోస్టులో వచ్చింది. అందులో ఈసీఎఫ్ఈ (ఎర్లీ చైల్డ్‌హుడ్ ఫ్యామిలీ ఎడ్యుకేషన్) అని ఉంది. పాపని అక్కడ దించి రావచ్చా? ఫీజు ఎక్కువా?

మేపుల్ గ్రోవ్ అక్క:
దించి రావడానికి అది డేకేర్ కాదమ్మా. నువ్వూ వెళ్లాలి. పుట్టిన బిడ్డ నుంచి కిండర్‌గార్టెన్‌లో చేరేదాకా పిల్లలకీ తల్లిదండ్రులకీ కలిపి పెట్టిన కార్యక్రమం అది. 1974లో ఇక్కడే ప్రయోగంగా మొదలైంది. కాసేపు పిల్లలతో కలిసి ఆడిస్తారు. తర్వాత పిల్లలు టీచర్ల దగ్గర ఉంటారు, మనం పక్క గదిలో కూర్చుని మాట్లాడుకుంటాం. తిండి, నిద్ర, మొండితనం, ఏదైనా అడగొచ్చు. నడిపించేది లైసెన్సు ఉన్న టీచరే. ఫీజు ఆదాయాన్ని బట్టి. కట్టలేమంటే చేర్చుకోకుండా ఉండరు, మొహమాటపడకు.

ఈడెన్ ప్రెయిరీ బాబాయ్:
ముందు మీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఏదో చూసుకోండి. ప్లిమత్ ఒక ఊరే గానీ వేజాటా, రాబిన్స్‌డేల్, ఒసియో, హాప్కిన్స్ అని నాలుగు స్కూల్ డిస్ట్రిక్టులు అందులోకి వస్తాయి. వచ్చిన పుస్తకం మీ డిస్ట్రిక్టుదే కావాలని లేదు, అడ్రస్ పెట్టి చూడండి.
ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్తున్నా. ఎర్లీ చైల్డ్‌హుడ్ స్క్రీనింగ్ ఇప్పుడే చేయించండి. పబ్లిక్ కిండర్‌గార్టెన్‌కి అది తప్పనిసరి, ఉచితం. చూపు, వినికిడి, ఎదుగుదల, టీకాలు చూస్తారు. ఇండియా టీకాల కార్డు తీసుకెళ్లండి. మామూలుగా సెప్టెంబర్ 1కి అయిదేళ్లు నిండితేనే కిండర్‌గార్టెన్.

బ్రూక్లిన్ పార్క్ సునంద:
నాకు ఈసీఎఫ్ఈ వల్ల జరిగిన మేలు చెప్తాను. ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఓనరు డిపాజిట్ ఇవ్వలేదు. కార్పెట్ మరకలన్నాడు, పెయింటు అన్నాడు, తర్వాత ఫోన్లే ఎత్తలేదు. మావారు "పోనీలే, గొడవెందుకు, వీసా మీద ఉన్నాం" అన్నారు. నాకు నిద్ర పట్టలేదు. ఆ వారం క్లాసులో పక్కనున్న సోమాలీ అమ్మాయికి చెప్పుకుంటే ఆమె తన ఫోన్లో రాష్ట్ర చట్టం తీసి చూపించింది. ఇల్లు ఖాళీ చేసి కొత్త అడ్రస్ ఇచ్చాక మూడు వారాల్లో డిపాజిట్ వడ్డీతో ఇవ్వాలి, లేదా ఎందుకు పట్టుకున్నాడో రాతపూర్వకంగా చెప్పాలి. మేము ఉత్తరం రాశాం. అందులో కన్సిలియేషన్ కోర్టుకి (చిన్న మొత్తాల తగాదాలు తేల్చే కోర్టు) వెళ్తామని ఒక వాక్యం పెట్టాం. చెక్కు వచ్చింది. ఖాళీ చేసేటప్పుడు తీసిన ఫోటోలు జతచేయడం వల్లే అతను వాదించలేకపోయాడు. మీరూ ఇంట్లో చేరినరోజే ప్రతి గదీ ఫోటో తీసి పెట్టుకోండి.

ఈడెన్ ప్రెయిరీ బాబాయ్:
మూడు వారాలు కాదు, 30 రోజులు.

బ్రూక్లిన్ పార్క్ సునంద:
30 రోజులు టెక్సాస్‌లో అండీ. మినెసోటాలో మూడు వారాలే, వడ్డీ ఒక శాతం.

మేపుల్ గ్రోవ్ అక్క:
డిపాజిట్ సంగతి తర్వాత, ఆ అమ్మాయి అడిగింది పాప గురించి! ఇంకోమాట, పాపతో ఇంట్లో తెలుగే మాట్లాడు. మా పెద్దాడికి ఇంగ్లీషు రాదేమోనని అందరూ భయపెట్టారు. క్లాసులో టీచరు మాత్రం మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి అంది.

ఈడెన్ ప్రెయిరీ బాబాయ్:
అది నిజమే, ఒప్పుకుంటా. కానీ పెద్దవాళ్ల ఇంగ్లీషు క్లాసులు కూడా ఇదే ఆఫీసు పుస్తకంలో ఉంటాయి. అవి ప్రభుత్వ డబ్బుతో నడుస్తాయి, రూల్స్ ఈమధ్య మారుతున్నాయి. చేరేముందు మీ వీసాకి కుదురుతుందో లేదో అక్కడే అడగండి.

ప్లిమత్ కొత్త:
ధన్యవాదాలండీ. వేజాటా అని తేలింది. నాకు కారు నడపడం రాదు, పగలు వెళ్లడం కష్టం. ఆయన తీసుకెళ్తే పాపతో ఆయన కూర్చోవచ్చా?

మేపుల్ గ్రోవ్ అక్క:
హాయిగా కూర్చోవచ్చు, నాన్నలు చాలామంది వస్తారు. సాయంత్రం, శనివారం క్లాసులు ఉన్నాయేమో ఫోన్ చేసి అడుగు. ఉంటే రిజిస్ట్రేషన్ తెరిచినరోజే పేరు ఇవ్వు, అవి ముందే నిండిపోతాయి. మేపుల్ గ్రోవ్ వైపు క్లాసు దొరికితే చెప్పు, నేను దారిలో ఎక్కించుకుంటా. పాపకి కార్ సీటు మాత్రం మీరే పెట్టాలి.