దూరపు కొండలు ముందుకొచ్చేస్తున్నాయి, ఎలా నేర్పాలి?

ప్రశ్న: నీటిరంగుల్లో ల్యాండ్‌స్కేప్ నేర్చుకునేవాళ్ల బొమ్మల్లో దూరపు కొండ, దగ్గరి చెట్టు పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తున్నాయి. రంగులు కూడా బురదలా తేలుతున్నాయి. ఏ వరసలో నేర్పితే మేలు?

జవాబు 1: రంగు జోలికి ఇప్పుడే వెళ్లనివ్వకండి. ముందు బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) ఒక్కదానితో లేత, మధ్యస్థం, ముదురు అని మూడే టోన్లు పెట్టి పోస్ట్‌కార్డంత స్కెచ్‌లు వేయించండి. కళ్లు సగం మూసి చూడమనండి, ఆకులూ కొమ్మలూ పోయి వెలుగునీడలే మిగులుతాయి. దూరం వెళ్లేకొద్దీ ముదురు తగ్గాలి, అంచులు మెత్తబడాలి. తర్వాత కొండకు అల్ట్రామెరైన్ నీలంలో కొద్దిగా బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపి, నీళ్లు బాగా పోసి వేస్తే చాలు.

జవాబు 2: బురదకు అసలు కారణం తొందర. పూత సగం ఆరాక మళ్లీ తడి బ్రష్ పెడితే కింది రంగు లేచిపోతుంది, మరకలు కడతాయి. కాగితం మెరుపు పోయినా వేలి వెనకవైపు తాకించి చూడండి. చల్లగా ఉంటే ఆరనట్టే. 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కంటే పల్చటి కాగితం ఉబ్బుతుంది, గుంటల్లో రంగు నిలుస్తుంది.

జవాబు 3: ఇంకోటి, వాళ్ల కాగితం మీద మీరు దిద్దకండి. పక్కన వేరే ముక్క మీద వేసి చూపండి. చోటు మార్చకుండా ఉదయం, సాయంత్రం అదే దృశ్యం వేయించండి. ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ సేంట్ విక్టోయిర్ కొండను ఏళ్ల తరబడి వేస్తూనే ఉన్నాడు కదా!