ఆర్వో ప్లాంటు వేస్టు నీళ్లు బర్రెలకు పట్టొచ్చా? బోరు రిపోర్టు ఇదీ

ప్రశ్న (పాడి రైతు, దర్శి వైపు)

ఎనిమిది ముర్రా బర్రెలు, నాలుగు పడ్డలు, ఐదు దూడలు ఉన్నాయి. బోరు నీళ్ల రిపోర్టు, లీటరుకు మిల్లీగ్రాముల్లో: టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 1,950, ఫ్లోరైడు 2.6, నైట్రేటు 96, సల్ఫేటు 340, క్లోరైడు 620, సోడియం 510. ఎండాకాలం బోరు తగ్గిపోతుంది. పక్కనే ఊరి ఆర్వో ప్లాంటు ఉంది, అదీ ఇలాంటి బోరు మీదే నడుస్తుంది. దాని వేస్టు నీళ్లు ఊరికే ఇస్తామంటున్నారు. టీడీఎస్ మీటరు పెడితే 3,800 చూపించింది. పశువులకు 5,000 దాకా పర్వాలేదని విన్నాను. తొట్లోకి మళ్లించుకోవచ్చా?

జవాబు 1 (పశువైద్యుడు)

మళ్లించకండి. 5,000 అన్నది కరిగిన లవణాల మొత్తానికి చెప్పే లెక్క. పాడి పశువులకు, చూడి పశువులకు 3,000 లోపే ఉంచుకోవడం మంచిది. మీ దగ్గర అసలు చిక్కు మొత్తంలో లేదు, ఫ్లోరైడులో ఉంది. మీటరు దాన్ని విడిగా చూపించదు.

ప్లాంటు సగం నీళ్లు మంచివి తీసి సగం వదిలితే, వదిలిన వాటిలో ఫ్లోరైడు దాదాపు రెట్టింపు, అంటే 5 దాకా ఉంటుంది. ఎండల్లో పాలిచ్చే బర్రె 80 లీటర్లు తాగుతుంది. అంటే రోజుకు 400 మి.గ్రా. ఫ్లోరైడు. 12 కిలోల పొడి పదార్థం (తేమ లెక్కించకుండా మేత, దాణా బరువు) తినే పశువుకు కిలోకు 33 మి.గ్రా. నీళ్లలోంచే వచ్చేసింది. మేత, దాణా, నీళ్లు అన్నీ కలిపి తట్టుకునేది కిలోకు 40 మి.గ్రా. దాకానే. తాగే నీళ్లలో పశువులకు 2 మి.గ్రా. దాటకూడదని చెప్పేది అందుకే. మీ బోరు ఇప్పటికే 2.6.

దెబ్బ అన్నిటికీ ఒకేలా తగలదు. పెద్ద బర్రెలకు పళ్లు ఏర్పడిపోయాయి కాబట్టి పళ్లు పాడవవు. ఏళ్ల తరబడి తాగితే ఎముకల మీద బుడిపెలు, కుంటు వస్తాయి. దూడలు, పడ్డలకు చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులోనే నష్టం జరిగిపోతుంది. బయటికి వచ్చేసరికి గోధుమ రంగు చారలు, గుంటలు, త్వరగా అరిగిపోవడం. అలాంటి పశువు చల్లటి నీళ్లు గుక్కగా తాగలేక నాలుకతో నాకుతుంది, చొప్ప సరిగా నమలలేదు. ఆ పళ్లు మళ్లీ బాగుపడవు. మంచినీళ్లు కొద్దిగానే దొరికితే ముందు దూడలకు, పడ్డలకు పట్టండి. చాలామంది పాలిచ్చే వాటికి మంచినీళ్లు పెట్టి పడ్డలను బోరు తొట్టికి తోలతారు. ఫ్లోరైడు విషయంలో అది తలకిందులు.

నైట్రేటు 45 లోపుంటే నిశ్చింత. 45 నుంచి 130 దాకా మేతలో నైట్రేటు తక్కువైతే నడుస్తుంది. కాబట్టి యూరియా దండిగా వేసిన నేపియర్ గడ్డిని వెంటనే కోయకండి. బెట్టకు వాడి వాన పడగానే పచ్చబడ్డ జొన్నను పది రోజులు ఆపండి. నైట్రేటు కాండం అడుగున చేరుతుంది, జానెడు మోడు వదిలి కోయండి. మోతాదు మించితే అది రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది: ఆయాసం, తూలడం, రక్తం చాక్లెట్ రంగు. అప్పుడు ఆలస్యం లేకుండా డాక్టరును పిలవాలి. మిథిలీన్ బ్లూ అనే మందు నరానికి ఇవ్వాల్సి ఉంటుంది.

సల్ఫేటు 340 పెద్దవాటికి సమస్య కాదు. దూడలకు 500, పెద్దవాటికి 1,000 దాటకూడదు. దాటితే పేడ పలచబడుతుంది, ఒంటికి రాగి అందదు, నల్ల వెంట్రుకలు ఎర్రబారతాయి, ఎదకు రావడం తప్పుతుంది.

ఇంకొకటి, సోడియం. మీ బోరు నీళ్లు 80 లీటర్లలో 40 గ్రాములు, అంటే నూరు గ్రాముల ఉప్పుతో సమానం. పాలిచ్చే బర్రెల దాణాలో విడిగా వేసే ఉప్పు ఆపేయండి. ఖనిజ లవణ మిశ్రమం మాత్రం ఆపొద్దు. రాక్ ఫాస్ఫేటుతో చేసిన చవకరకం వద్దు, అందులో ఫ్లోరైడు ఉంటుంది. డైకాల్షియం ఫాస్ఫేటుతో చేసింది చూసి కొనండి.

జవాబు 2 (నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను)

రిపోర్టులో నైట్రేటు ఎలా రాశారో చూడండి. "నైట్రేటు" అని ఉంటే 96 అంటే 96. "నైట్రేట్ నైట్రోజన్" అని ఉంటే 4.43తో గుణించాలి, అప్పుడు 425 అవుతుంది. అది ప్రమాదకరమైన నీళ్ల కిందికి వస్తుంది. ఈ ఒక్క మాట దగ్గరే చాలామంది పొరబడతారు.

మళ్లీ శాంపిల్ తీసేటప్పుడు మోటారు పది పదిహేను నిమిషాలు నడవనిచ్చి, అవే నీళ్లతో సీసా మూడుసార్లు కడిగి, లీటరు ప్లాస్టిక్ సీసాలో నిండా పట్టండి. గాజు వద్దు, ఫ్లోరైడు గాజుకు పట్టుకుంటుంది. నైట్రేటు కోసం ఐస్ పెట్టెలో పెట్టి ఆ రోజే అందించండి. మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయిస్తే తేడా తెలుస్తుంది. తొట్టి నీళ్లు కూడా ఒక సీసా ఇవ్వండి. ఎండకు ఆవిరై మిగిలిన నీళ్లు బోరు కంటే చిక్కగా ఉంటాయి.

ప్రశ్నించినవారు

రిపోర్టులో "నైట్రేటు" అనే ఉంది. ఆర్వో ఆలోచన మానేశాను. పటిక వేసి ఫ్లోరైడు తగ్గించవచ్చా? సాగర్ కాలువ నీళ్లతో నింపే చెరువు నుంచి ట్యాంకరు తెప్పించగలను.

జవాబు 3 (డెయిరీ నిర్వాహకుడు, పల్నాడు)

పటిక, సున్నంతో చేసే నల్గొండ పద్ధతి ఇంటి బిందెకు బాగుంటుంది. రోజుకు వెయ్యి లీటర్లకు కలపడం, తేర్చడం, అడుగు మడ్డి పారబోయడం సాగే పని కాదు. పైగా లీటరుకు 500 మి.గ్రా. పటిక వేస్తే సల్ఫేటు 200 పైన పెరుగుతుంది. మరిగించినా ఫ్లోరైడు పోదు, ఇంకా చిక్కబడుతుంది.

ట్యాంకరే నయం. చెరువు నీళ్లలో ఫ్లోరైడు పరీక్ష చేయించండి. 0.5 వస్తే, రెండు వంతుల బోరుకు ఒక వంతు చెరువు నీళ్లు కలిపితే 1.9కి దిగుతుంది. సగం సగమైతే 1.55. దూడలకు, పడ్డలకు విడి తొట్టి కట్టి పూర్తిగా చెరువు నీళ్లే పెట్టండి. కుడితిలోకీ అవే వాడండి, బోరు నీళ్లతో కలిపితే పెట్టిన ఖర్చు దండగ. నీళ్లు మార్చేటప్పుడు వారం రోజులు కొద్దికొద్దిగా మార్చండి, రుచి మారితే తాగడం తగ్గి పాలు పడిపోతాయి. తొట్లు రోజూ ఖాళీ చేసి కడగండి, పదిహేను రోజులకోసారి లోపల సున్నం కొట్టండి. చెరువు నీళ్లకు నాచు త్వరగా పడుతుంది.